పదకొండేళ్ల పిల్ల పిత్తాశయంలో పేగు పొర

నేను బరంపురంలో పాథాలజిస్టుని. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఆపరేషన్ చేసి తీసిన ముక్కలు మా ల్యాబుకి వస్తుంటాయి. వాటిలో పిత్తాశయాలదే పెద్ద వాటా. చాలావరకు నడివయసు ఆడవాళ్లవి, రాళ్లతో వాచినవి. రోజుకు రెండో మూడో కోస్తూ కోస్తూ, సీసా మూత తీయకముందే సగం రిపోర్టు మనసులో రాసేసుకునే అలవాటు పట్టుకుంది. ఆ అలవాటుకు చెంపదెబ్బ కొట్టిన కేసు ఇది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో ఆనవాలు పట్టకుండా చిన్న చిన్న వివరాలు మార్చాను.

గత చలికాలంలో గుణుపురం వైపు నుంచి ఒక సీసా వచ్చింది. వెంట వచ్చిన కాగితంలో ఆడపిల్ల, వయసు 11, పిత్తాశయంలో రాళ్లు, లాపరోస్కోపీ అని ఉంది. రోగి వివరాల గడిలో మళ్లీ "రాళ్లు" అనే రాశారు. పిల్లకు కామెర్లు ఉన్నాయా, హీమోగ్లోబిన్ ఎంత, ఇంత చిన్న వయసులో రాళ్లెందుకు వచ్చాయి అనే ప్రశ్నలకు ఆ కాగితంలో చోటే లేదు.

సీసా సంగతి కూడా చెప్పాలి. అది దగ్గు మందు సీసా అంత ఉంది, మూతి ఇరుకు. పిత్తాశయాన్ని కోయకుండా మడిచి లోపలికి తోశారు. ఫార్మలిన్ పైపైన తడిపినంతే ఉంది. ముక్క ఎంత ఉంటే దానికి పదింతలు ఫార్మలిన్ పోయాలి, పిత్తాశయాన్నైతే నిలువునా చీరి వేయాలి. ఎందుకంటే బయటికి తీశాక కూడా లోపల మిగిలిన పైత్యరసం ఊరుకోదు. మందు బయటి గోడ దాటి లోపలికి దిగేలోగా అది లోపొరను తినేస్తుంది. మనం సరిగ్గా చూడాల్సింది ఆ పొరనే. ఈ పిల్ల పిత్తాశయంలో అడుగు భాగం అలాగే పోయింది, అక్కడ కణాలు రాలిపోయి ఖాళీ గోడ మిగిలింది. నడిమి భాగమూ మెడా దక్కాయి. దక్కకపోయి ఉంటే ఈ వ్యాసమే లేదు.

పొడవు ఐదున్నర సెంటీమీటర్లు. గోడ మందం 4 మిల్లీమీటర్లు, అంత చిన్న సంచీకి అది ఎక్కువ. మామూలుగా లోపొర మఖమలు గుడ్డలా మెత్తగా, సన్నని వల అల్లినట్టు ఉంటుంది. ఇక్కడ నడిమి భాగంలో ఆ వల చెరిగిపోయి, వేలికి ఇసుక తగిలినట్టు గరుకుగా ఉంది. రాళ్లు లేవు. "బంధువులకు ఇచ్చాము" అని కాగితం వెనక రాసి ఉంది. మా వైపు ఇది ఆచారమే. రాయి చేతికి వస్తేనే ఆపరేషన్ జరిగినట్టు లెక్క. మెడ, నడుము, అడుగు నుంచి ఒక్కొక్క ముక్క, నాళం కోసిన చివర నుంచి ఇంకొకటి తీసి మైనం దిమ్మలు చేయించాను.

మర్నాటి సాయంత్రం స్లైడ్లు బల్ల మీదికి వచ్చాయి. పిత్తాశయం లోపొరలో మామూలుగా ఒకే వరుసలో పొడవాటి కణాలు, దడి కట్టినట్టు, కేంద్రకాలన్నీ అడుగున సర్దుకుని ఉంటాయి. కడుపులో, పేగులో ఉన్నట్టు గ్రంథులు ఉండవు. ఒక్క మెడ దగ్గర మాత్రం జిగురు గ్రంథులు పుట్టుకతోనే ఉంటాయి. కొత్తగా చదువుకునే వాళ్లు తరచు ఇక్కడే పొరపడతారు, మెడ స్లైడులో గ్రంథులు కనబడగానే మార్పు వచ్చిందని రాసేస్తారు. అందుకే మెడ స్లైడును పక్కన పెట్టి నడిమి భాగాన్ని చూశాను.

అక్కడ ఉండకూడని గ్రంథులు ఉన్నాయి. పాలిపోయిన రంగులో గుండ్రంగా, నాలుగైదు కలిసి గుత్తులుగా, అచ్చం జీర్ణాశయం చివర ఉండే గ్రంథుల్లాగే. ఒకచోటి పొర వేరే చోటి పొరలా రూపు మారడాన్ని మెటాప్లాసియా అంటాం, ఇది జీర్ణాశయం చివరి తరహా కాబట్టి పైలోరిక్ మెటాప్లాసియా. ఏళ్ల తరబడి వాపు ఉన్న పెద్దవాళ్ల పిత్తాశయాల్లో తరచు చూసేదే. పిల్లల్లో తక్కువే అయినా చూడనిది కాదు. కుర్చీలో నన్ను ముందుకు వంగేలా చేసింది దాని పక్కనున్న మడత. పొడవాటి కణాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి చిన్న ముంత ఆకారపు కణాలు, పైభాగం ఉబ్బి, కడుపు నిండా జిగురుతో ఉన్నాయి. ఇవి పేగులో ఉండే గోబ్లెట్ కణాలు. పిత్తాశయంలో వీటికి పని లేదు. జిగురును నీలంగా చూపే ఆల్సియన్ బ్లూ రంగు పీహెచ్ 2.5 దగ్గర వేయించాను. ముంతలన్నీ నెమలి కంఠం రంగులో నిండుగా వెలిగాయి. మామూలు పిత్తాశయ కణాల పై అంచుకు కూడా ఈ నీలం సన్నగా అంటుతుంది, కాబట్టి రంగును నమ్మి తీర్పు చెప్పకూడదు. కణం నిండుగా ఉందా, అంచు మాత్రమే తడిసిందా అన్నది చూడాలి. ఇది పేగు తరహా మెటాప్లాసియాయే, సందేహం లేదు.

అది కనబడ్డాక నాలుగు ముక్కలతో సరిపెట్టుకోకూడదు. మిగిలిన గోడ మొత్తం కోయించి ఇంకో 14 దిమ్మలు చేయించాను. వెతికింది డిస్‌ప్లాసియా కోసం, అంటే కణం రూపు మారడంతో ఆగకుండా అదుపు తప్పుతోందా అని. కేంద్రకాలు పెద్దవై, ముదురు రంగుకి తిరిగి, ఒకదానిమీద ఒకటి ఎక్కి, అడుగున ఉండాల్సినవి పైకి తేలితే అది డిస్‌ప్లాసియా. 18 దిమ్మల్లో ఎక్కడా అలాంటిది లేదు. కణ విభజన గ్రంథుల అడుగునే ఉంది, పైపొరకు వచ్చేసరికి కణాలన్నీ బుద్ధిగా వరుసలో నిలబడ్డాయి. నాళం చివర శుభ్రంగా ఉంది. గోడలో వాపు ఉన్నచోట చేరే లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు, ఒకచోట పెద్ద లింఫు గుత్తి కనిపించాయి. కండర పొర బలిసింది, దాని సందుల్లోకి లోపొర వేళ్లు దిగినట్టు దిగింది. ఏడాదో రెండేళ్లో కాదు, అంతకంటే ఎక్కువకాలం రాపిడి పడిన గోడ ఇది.

ఇక ఆపుదామనుకుంటుండగా లోపొర కింద సన్నని రక్తనాళాలు కంటబడ్డాయి. ఎర్ర రక్తకణాలు బిళ్లల్లా ఉండాల్సింది. కొన్ని నాళాల్లో సన్నగా, రెండు చివరలూ మొనదేలి, ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. పెద్ద లెన్సు తిప్పి చూశాను. కొడవళ్లే.

ఆ రాత్రి నేను రాసిన రిపోర్టు క్రమం ఇదీ: దీర్ఘకాలిక వాపు, పైలోరిక్, పేగు తరహా మెటాప్లాసియా, డిస్‌ప్లాసియా లేదు, కేన్సర్ లేదు, అన్నిటికంటే కింద, "రక్తనాళాల్లో కొడవలి ఆకారపు ఎర్ర రక్తకణాలు కనిపించాయి, హీమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించగలరు." ప్రతి మాటా నిజమే. క్రమమే తప్పు. అరుదైనది కంటబడ్డ సంబరంలో దానికి పీట వేసి, పిల్లకు నిజంగా పనికొచ్చే వాక్యాన్ని కాగితం అడుగున పడేశాను.

తొమ్మిది రోజుల తర్వాత పిల్ల తల్లిదండ్రులు పర్లాకిమిడి మీదుగా బస్సులు మారి నేరుగా ల్యాబుకి వచ్చారు. తండ్రికి గుణుపురంలో మోటారుసైకిళ్లు బాగుచేసే షాపు ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నా రిపోర్టు. మెటాప్లాసియా అన్న ఒక్క మాట కింద ఎవరో ఎర్ర పెన్నుతో గీత గీశారు.

"మేడమ్‌గారూ, మా పాపకి కేన్సరా?"

లేదని ఆ కాగితంలోనే ఉంది. కానీ ఊళ్లో రిపోర్టు చదివిపెట్టిన మనిషి గీత గీసిన మాటకు "కేన్సర్‌కి ముందు మెట్టు, ఆలస్యం చేయకుండా విశాఖ తీసుకెళ్లండి" అని అర్థం చెప్పాడట. షాపు పక్కనున్న రెండు సెంట్ల జాగా అమ్మకానికి మాట్లాడేసుకుని వచ్చారు. వాళ్ల ఇంట్లో మాట తెలుగు, పిల్ల బడిలో చదువు ఒడియా, ఆసుపత్రి కాగితం ఇంగ్లీషు. నేను రాసిన మాట ఆ మూడింట్లో దేని ద్వారానూ ఆ ఇంటికి చేరలేదు. ఫోనులో వెతికితే దొరికిందీ భయమే.

చదివిపెట్టిన మనిషిని పూర్తిగా తప్పుపట్టను. పెద్దవాళ్లలో ఆ దారి నిజంగానే ఉంది. ఏళ్ల తరబడి రాళ్లు, వాపు, మెటాప్లాసియా, దాని నుంచి డిస్‌ప్లాసియా, చివరికి కేన్సర్. ఉత్తర భారతంలో గంగా మైదానం వెంబడి పిత్తాశయ కేన్సర్ ఎక్కువ. అక్కడ పనిచేసే పాథాలజిస్టులకు ఆ మెట్లన్నీ కంఠతా వస్తాయి. అయితే మొదటి మెట్టు మీద కాలు పెట్టిన వాళ్లలో చాలామంది అక్కడే ఉండిపోతారు. పైగా ఇక్కడ సంచీనే బయటికి వచ్చేసింది. ఇది ఆ తండ్రికి ఎలా చెప్పాలి? చేతులకు కాయలు కాసినట్టు అందామనుకున్నాను. ఆ పోలిక కుదరదు, కాయ అంటే ఉన్న చర్మమే మందమెక్కడం. ఇక్కడ వచ్చింది వేరే చోటి పొర.

"మీకు పొలం ఉందా?" అని అడిగాను.

"వంశధార ఒడ్డున మా నాన్నది అరెకరం మడి ఉందండి."

"మడిలో మురుగు నీరు తీయకుండా ఏళ్ల తరబడి నిలిచిపోతే?"

"వరి దుబ్బులు చచ్చిపోతాయి. తుంగ లేస్తుంది."

"మీ పాప పిత్తాశయంలో లేచింది ఆ తుంగ. అక్కడ ఉండాల్సిన మొక్క కాదు, అలాగని విషపు మొక్కా కాదు. ఆ మడి మొత్తాన్ని డాక్టరుగారు తీసేశారు. నేను మూలమూలలా వెతికాను, చెడ్డ మొక్క ఒక్కటీ లేదు."

ఆయన కాసేపు ఆలోచించాడు. "మడే లేనప్పుడు తుంగతో మనకేం పనండీ" అన్నాడు. తల్లి అప్పుడు కూర్చుంది, అంతవరకు నిలబడే ఉంది.

"మరి అంత నీరు ఎక్కడి నుంచి వచ్చి నిలిచిందో చూడొద్దా?" అన్నాను. అసలు పని అప్పుడు మొదలైంది.

ఆ కథ ఆపరేషన్‌కు ముందే ఎవరైనా అడిగి రాసుకోవాల్సింది. నేను తల్లి నోట విన్నాను. పిల్లకు ఏడాది నిండకముందే చేతివేళ్లూ కాలివేళ్లూ వాచాయి. నాలుగో ఏట నుంచి కళ్లు పచ్చబడడం, తగ్గడం. ప్రతిసారీ కామెర్లని పసరు పోయించారు. చలికాలం రాత్రుల్లో కాళ్లు, నడుము నొప్పులని ఏడిస్తే గుడ్డ కాచి కాపడం పెట్టేది. ఏడో ఏట నుంచి కుడి డొక్కలో నొప్పి, తిన్న తర్వాత వాంతులు. ఇదంతా చెప్పాక ఆగి, ఈ పాపకంటే ముందు ఒక బాబు ఉండేవాడని, మూడో ఏట జ్వరంతో మనిషి తెల్లగా పాలిపోయి రెండు రోజుల్లో పోయాడని చెప్పింది. ఎవరూ అడగలేదు కాబట్టి అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

పాత కాగితాలు పరిచి చూశాను. హీమోగ్లోబిన్ 7.4. బిలిరుబిన్ మొత్తం 3.6, అందులో నాళం మూసుకుపోతే పెరిగే రకం 0.6 మాత్రమే, మిగిలినదంతా రక్తకణాలు విరిగితే వచ్చే రకం. అల్ట్రాసౌండులో రాళ్లు, మందమెక్కిన గోడ, మామూలు వెడల్పులోనే ఉన్న ప్రధాన పిత్తనాళం, కాస్త పెరిగిన ప్లీహం. ఎర్రకణాలు కొడవలిలా వంగి విరిగిపోయే పుట్టుక జబ్బును సికిల్ సెల్ అంటాం. మామూలుగా ఆ జబ్బున్న పిల్లల్లో ప్లీహం చిన్నప్పుడే ఎండి ముడుచుకుపోతుందని పుస్తకాల్లో చదువుతాం. మన ప్రాంతపు రకంలో పిండ హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడంతో చాలామందిలో అది పెరిగే ఉంటుంది. ఆధారాలన్నీ ఒకే కవరులో పక్కపక్కనే పడి ఉన్నాయి.

అప్పుడు తండ్రి జేబులోంచి చిన్న హోమియో మాత్రల సీసా తీశాడు. రాళ్లు! తెల్ల కాగితం మీద ఒంపుకుని చూశాను. పదమూడు. నల్లగా, మెరుస్తూ, ముళ్లు దేలి, దంచడానికి తీసిన మిరియాల్లా ఉన్నాయి. గోటితో నొక్కితే ఒకటి చిట్లింది. పెద్దవాళ్లలో తరచు చూసే పసుపుపచ్చ కొలెస్ట్రాల్ రాళ్లు వేరు. ఈ నల్లవి కాల్షియం బిలిరుబినేట్, విరిగిన ఎర్రకణాల నుంచి తయారయ్యేవి. సీసాలో నాకు పంపి ఉంటే మొదటి రోజే సగం కథ తెలిసేది. అప్పటి నుంచి మా ల్యాబుకి ముక్కలు పంపే సర్జన్లందరినీ రాళ్లు ముందు నాకు చూపించమని, తర్వాత కావలసినవాళ్లకి నేనే ఇస్తానని బతిమాలుతున్నాను.

స్లైడులో కొడవళ్లు కనబడినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ జన్యువు వచ్చిన వాహకుల కణాలు కూడా, బయటికి తీసిన ముక్కలో ఆక్సిజన్ తగ్గాక అలా వంగుతాయి. తేల్చాల్సింది హెచ్‌పీఎల్‌సీ. అది హీమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే పరీక్ష. అదీ ఒక పట్టాన తేల్చలేదు. ఆపరేషన్‌కు ముందు హీమోగ్లోబిన్ తక్కువగా ఉందని పిల్లకు రక్తం ఎక్కించారు. కారణం తెలియక చేసినా అది పిల్లకు మేలే చేసింది. సికిల్ సెల్ పిల్లలకు ఇలాంటి ఆపరేషన్ ముందు హీమోగ్లోబిన్‌ను 10 దగ్గరికి తెస్తే ఊపిరితిత్తుల చిక్కులు తగ్గుతాయి. కానీ మా పరీక్షలో దాత రక్తం కూడా కలిసి మాట్లాడింది. కొడవలి రకం హీమోగ్లోబిన్ ఎస్ 57 శాతం, పిండ రకం ఎఫ్ 16, మామూలు రకం ఏ 24, ఎప్పుడూ కొంచెమే ఉండే ఏ2 2.9 శాతం. రక్తం ఎక్కించిన సంగతి తెలియని వాళ్లు చూస్తే ఎస్‌తో పాటు తలసీమియా (హీమోగ్లోబిన్ తయారీ తగ్గే మరో పుట్టుక జబ్బు) జన్యువు కూడా ఉన్న పిల్ల అని రాసేస్తారు. అలా అయితే ఏ2 పెరిగి ఉండాలి, ఇక్కడ పెరగలేదు. మూడు నెలలు ఆగి మళ్లీ చేయడం ఒక దారి. నేను ఆగకుండా అమ్మానాన్నల రక్తం తీయించాను. తండ్రిలో ఎస్ 34 శాతం, తల్లిలో 36. ఇద్దరూ వాహకులే, తలసీమియా గుర్తు ఎవరిలోనూ లేదు. పాపది రెండు వైపుల నుంచీ వచ్చిన సికిల్ సెల్ జబ్బే. నాలుగు నెలల తర్వాత మళ్లీ చేసిన పరీక్షలో ఏ పూర్తిగా మాయమైంది. ఎస్ 76, ఎఫ్ 20.

2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద ఈ జబ్బు ఎక్కువగా ఉన్న గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వాళ్లందరికీ పరీక్ష చేయాలన్నది లక్ష్యం. ఆ బృందం వీళ్ల పిల్ల బడికీ వచ్చిందట. ఆ రోజు పాప కడుపునొప్పితో బడికి వెళ్లలేదు.

సర్జన్‌తో ఫోనులో మాట్లాడాను, ఆయన కూడా రిపోర్టు అడుగు వాక్యం చదవలేదు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం మంచిది: పిత్తనాళమూ క్లోమ నాళమూ పుట్టుకతోనే కలవకూడని చోట కలిసిన పిల్లల్లోనూ ఇలాంటి మార్పులు వస్తాయి కదా, ఎమ్మార్ స్కాను తీయించమంటారా? తప్పు కలయిక ఉంటే క్లోమ రసం పైకి ఎదురెక్కి పిత్తాశయాన్ని కాలుస్తుంది. అలాంటప్పుడు సంచీ తీసేసినంత మాత్రాన కథ ముగియదు, మిగిలిన నాళానికీ ముప్పు ఉంటుంది. నేను వద్దన్నాను. ఆ పిల్లల పిత్తాశయంలో లోపొర అంతటా ఒత్తుగా, వేళ్లు పొడుచుకొచ్చినట్టు పెరుగుతుంది. ఇక్కడ మార్పు అతుకులు అతుకులుగా ఉంది. నాళం వెడల్పు మామూలే. నల్ల రాళ్లకు సరిపోయే కారణం చేతిలోనే ఉంది. స్కాను కోసం మరో ఊరు, మరో అప్పు. నాతో విభేదించే వాళ్లు ఉంటారు, వాళ్ల వాదనలోనూ బలముంది. నాళం ఏమాత్రం వెడల్పుగా ఉన్నా నేనే తీయించమనేదాన్ని.

తల్లిదండ్రులు ల్యాబుకి వచ్చిన ఆ సాయంత్రమే రిపోర్టు మళ్లీ రాశాను. పైన మొదటి వాక్యం సికిల్ సెల్ గురించి. తర్వాత నల్ల రాళ్లు, వాపు. మెటాప్లాసియా మూడో చోటికి దిగింది, దాని పక్కనే "ఇది రాళ్ల రాపిడికి వచ్చిన మార్పు, కేన్సర్ కాదు, పిత్తాశయం పూర్తిగా తీసేశారు కాబట్టి దీనికోసం వేరే చికిత్స గానీ పరీక్షలు గానీ అవసరం లేదు" అని చేర్చాను. ఆ వాక్యాన్ని విడిగా ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చాను. జాగా బేరం అక్కడి నుంచే ఫోను చేసి మానుకున్నారు.

పాప ఇప్పుడు పిల్లల డాక్టరు దగ్గర హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ వాడుతోంది. న్యుమోకాకస్ టీకా వేశారు. ఆరేళ్ల తమ్ముడికి పరీక్ష చేశాం, వాహకుడు మాత్రమే. మొన్నటి రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ 9.3, బిలిరుబిన్ 2.7. డొక్కలో నొప్పి లేదు. కళ్లలో పచ్చదనం మాత్రం పూర్తిగా పోలేదు, రక్తకణాలు విరుగుతున్నంతకాలం పోదు. ఆపరేషన్ చేసినా కామెర్లు తగ్గలేదేమిటని ఊళ్లో మళ్లీ ఎవరో పసరు పోయించమన్నారట. తల్లి ఒప్పుకోలేదు. బీరువాలో దాచిన నా తెలుగు కాగితం తీసి, ఇందులో పసరు లేదని చూపించిందట.